తిట్లు ఎంత ఎత్తున రాయాలి

మా వాడ నల్లబోర్డు మీద మొట్టమొదటి తిట్టు కనిపించిన పొద్దున, చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయాను. అది తెలియని తిట్టేమీ కాదు. కొత్తవాడలో పుట్టినవాడికి పాలపండ్లు రాకముందే ఆ మాట చెవిన పడుతుంది. కానీ అప్పటిదాకా దాన్ని విన్నానే తప్ప చూడలేదు. అక్షరాల్లో చూస్తే, రోజూ రేడియోలో గొంతు వినే మనిషి ఒంటిమీద లుంగీ కూడా లేకుండా ఎదురుపడ్డట్టు అనిపించింది.

ఆ తిట్టేమిటో ఇక్కడ రాయను. రాస్తే ఈ పుస్తకాన్ని మీరు అలమర పై అరలో దాచాల్సి వస్తుంది. పైన దాచిన వాటికి ఏ గతి పడుతుందో మా వాడలో కళ్ళారా చూశాను.

ముందు బోర్డు సంగతి చెప్పాలి. వాడలో మాకొక యువజన సంఘం ఉండేది. సంఘానికి రీడింగ్ రూం, దాని వెనక ఇంకో గది, ముందొక వరండా, రోజూ ఒకే ఒక్క పేపరు. ఆ ఒక్క పేపరు కోసం పొద్దున్నే జరిగే గుంజులాటలో సినిమా పేజీ ఒకరికి, సంతాపాల పేజీ ఇంకొకరికి దక్కేవి. అందుకని వరండా గోడకు సిమెంటుతో పెద్ద బోర్డు పోయించి, నల్లరంగు పూసి, ముఖ్యమైన వార్తలు రాసే పని నాకు అప్పగించారు. నేను అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను, అంటే సంఘం దృష్టిలో ఖాళీగా ఉన్నాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఒక కారణం చెప్పారు, పొద్దున్నే లేస్తానని ఇంకో కారణం చెప్పారు. రెండోది అబద్ధం.

పై సగంలో నా వార్తలు. కింది సగానికి "మీ అభిప్రాయాలు" అని పేరు పెట్టి, పక్కన ఒక డాల్డా డబ్బాలో సుద్దముక్కలు ఉంచాం. ఎవరైనా రాయొచ్చు. సుద్దముక్కలు మూలమీది కిరాణం సేటు దుకాణం నుంచి ఊరికే వచ్చేవి కాబట్టి సేటే సంఘానికి అధ్యక్షుడు. ప్రజాస్వామ్యం మా దగ్గర అంత సులువుగా నడిచేది.

మొదట్లో అభిప్రాయాలు ముచ్చటగా ఉండేవి. నల్లా నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఒకరు. "నా చెప్పులు ఎవడో తొడుక్కపోయిండు, నాయి చిన్నయి, వాని కాళ్ళు కొరకాలె" అని ఇంకొకరు. దాని కింద "కొరికినయి, తెచ్చి పెట్టిన" అని మూడోవాడు. ఒకసారి మాత్రం ఒకాయన రాసింది ఇంకొకాయన తుడిచేశాడు. తుడిచింది ఎందుకో ఎవరికీ గుర్తు లేదు గానీ, దాని మీద రెండు ఇళ్ళకు మాటలు ఆగిపోయాయి. అప్పుడు సేటు అందరినీ కూర్చోబెట్టి ఒక రూలు చేశాడు: రాసినోడే తుడవాలె. బోర్డు నిండిపోతే ఆదివారం నాడు మొత్తం కడగాలి. ఆ రూలును సేటు తన తక్కెడ కంటే నిక్కచ్చిగా చూసుకున్నాడు. తక్కెడ సంగతి వాడలో వేరే వాళ్ళని అడగాలి.

ఆ బోర్డు అవసరం అందరికంటే ఎక్కువ మా మేనత్తకు ఉండేది. మా ఇంటి పక్క వాటాలోనే ఉంటుంది. మామ చనిపోయాక ఒక్కతే కష్టపడి బిడ్డను ఎనిమిదో తరగతి దాకా తెచ్చింది. జంపఖానాలు నేస్తుంది, కాదు, నేసేది. జంపఖానా మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, నూలు పోగు వేసినప్పుడల్లా ఇనుప పంజతో దాన్ని గట్టిగా దిగ్గొట్టాలి. దువ్వెనలాంటి ఆ పంజను ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి ఆమె కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చేయి లేచేది కాదు. దవాఖానలో డాక్టరు చూసి, ఇక పంజ పట్టొద్దన్నాడు. భుజం ఆగితే పొయ్యి కూడా ఆగుతుందని డాక్టరు చదువులో చెప్పినట్టు లేదు.

సరిగ్గా అప్పుడే మా వాడకు సర్కారు బాలవాడి వస్తుందన్నారు. సంఘం వెనక గదిలో పెడతారట. చిన్నపిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆయా కావాలట, ఇంత చదవడం రాయడం వస్తే చాలట. సూపర్‌వైజర్ మేడమ్ తనే వచ్చి, ఎదురుగా నిలబెట్టి చదివించి చూస్తుందట. మేనత్త ఈ మాట విన్న మరునాటి పొద్దున్నే బిందె పట్టుకుని బోర్డు ముందుకు వచ్చింది. వాడ నల్లా వరండాకు ఎదురుగానే ఉండేది.

"అల్లుడా, నువ్వు రాసుకుంట పో. నేను చూసుకుంట ఉంట."

"పలక తెచ్చుకోరాదు అత్తమ్మ, ఇంట్ల కూసొని నేర్పుత."

"గీ వయసుల పలక పట్టుకుంటె నా బిడ్డ నవ్వుతది. ఈడైతె నీళ్ళకు వచ్చిన్నని అనుకుంటరు."

అలా మొదలైంది. అక్షరాలు కొంచెం తెలుసు, చిన్నప్పుడు బడికి పోయిన నాలుగు రోజులవి. నెల తిరిగేసరికి చదవడం మొదలుపెట్టింది. కాకపోతే ఒక విచిత్రం. నా వార్తలు ఆమెకు కొరుకుడు పడేవి కావు. "ద్రవ్యోల్బణం" దగ్గర బిందె దించి, నడుం మీద చేయి పెట్టుకుని, కాలువ దాటేవాడిలా అటూ ఇటూ చూసేది. కింది సగం మాత్రం గబగబా చదివేసేది. నల్లా, చెప్పులు, కాళ్ళు. నోటికి తెలిసిన మాట అయితే మొదటి అక్షరం చూడగానే మిగతాది దానంతట అదే నోట్లోకి వచ్చేది.

"నీ వార్తలల్ల మనుషులు మాట్లాడే మాట ఒక్కటి లేదురా," అంది ఒకరోజు.

"అవి ఢిల్లీల మాట్లాడుతరు అత్తమ్మ."

"ఆడ బాలవాడి లేదేమో."

ఇంతలో వరంగల్‌లో రెండు థియేటర్లలో ఇద్దరు హీరోల బొమ్మలు ఒకే వారం దిగాయి. మా వాడ కుర్రాళ్ళు రెండుగా చీలారు. బోర్డు మీద "మా బొమ్మ హౌస్‌ఫుల్" అని ఒకడు రాశాడు. "మీ బొమ్మకు ఈగలు హౌస్‌ఫుల్" అని ఇంకొకడు. ఇంతవరకు నేను కూడా నవ్వాను. తర్వాత హీరో ముక్కు, హీరో నడక, హీరో విగ్గు అయిపోయాయి. అవి అయిపోయాక వాళ్ళకు దారి దొరకలేదు. ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆ తిట్టు ఉంది. ఎడమ చేత్తో రాసినట్టు అక్షరాలు వంకరటింకర. ఎవరి రాతో తెలియకూడదని. ఒకడి తల్లి గురించి ఇంకొకడు రాసిన మాట. ఏ ఒకడో, ఏ ఇంకొకడో తెలియదు. తల్లి మాత్రం స్పష్టంగా ఉంది.

నేను తేరుకునేలోపే వెనక బిందె చప్పుడైంది. మేనత్త ఆ వరుసను గుటుక్కున చదివేసింది. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు. అంత సాఫీగా ఆమె చదవడం అదే మొదటిసారి. చదివాక తన నోట్లోంచి ఏం వచ్చిందో తనకు వినబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సదవకు అత్తమ్మ," అన్నాను.

"సదివినంక సదవకు అంటవేందిరా."

బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నీళ్ళు పట్టుకోలేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజుల్లో కింది సగమంతా అదే పంట. నన్ను ఇంకా దిగ్భ్రాంతికి గురిచేసింది పిల్లలు. బడికి వెళ్ళే దారి బోర్డు ముందు నుంచే. ఒకటో తరగతి వాళ్ళు కనపడ్డ ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతారు, సబ్బు కాగితం దొరికినా సరే. "అల, వల, తల" దగ్గర నెల రోజులుగా తడబడుతున్నవాళ్ళు ఇక్కడ నీళ్ళు తాగినట్టు చదివేస్తున్నారు. బడి పంతులు ఏడాదంతా బెత్తం పట్టుకుని చేయలేనిది ఇద్దరు హీరోల అభిమానులు వారంలో సాధించారు. వాళ్ళకు సన్మానం చేయాల్సింది, పేర్లు తెలియక ఆగిపోయాం.

సంఘం మీటింగు పెట్టింది. పిల్లలు చదివే చోట తిట్లు రాయొచ్చా, రాయొద్దా. వాడలో మగవాళ్ళందరూ వరండాలో కూర్చున్నారు. ఆడవాళ్ళు నల్లా దగ్గర నిలబడి, నీళ్ళు రాని టైములో బిందెలు కడుగుతున్నారు.

దర్జీ చిన్నాయన ముందు లేచాడు. "మా అవ్వ పొద్దున నన్ను లేపుడే తిట్టుతోని లేపుతది. చిన్నప్పటిసంది ఇనుకుంట పెరిగిన. నేనేమన్న ఖరాబైన్నా?"

"అయినవ్," అంది వెనక నుంచి ఒక గొంతు.

బడి పంతులు గొంతు సవరించుకున్నాడు. "ఇనుడు వేరు, సదువుడు వేరు. ఇన్నది మాపటికి మరిచిపోతడు. సదివింది పలక మీద రాసి చూసుకుంటడు. నిన్న ఒకడు రాసి నాకు చూపిచ్చి, రైట్ కొట్టుమన్నడు."

"కొట్టినవా సారూ?"

"తప్పులు లేవు మరి," అన్నాడు పంతులు బాధగా.

అభిమానుల్లో ఒకడు, ఏ హీరో అభిమానో చెప్పను, తలెత్తాడు. "బోర్డు పెద్దోళ్ళది. పిల్లల్ని అటు రానియ్యకున్రి."

"అది వాళ్ళ బడి తొవ్వనే. ఏం, రెక్కలు కట్టుకొని పోవాల్నా?"

"మరి తిట్టకపోతె కోపం వచ్చిందని అవతలోనికి ఎట్ల ఎర్కైతది?"

"కోపం వచ్చింది అని రాయరాదు?" అన్నాను నేను. వరండా అంతా నా వైపు జాలిగా చూసింది. ఇంటర్ చదివితే ఇంతేనన్నట్టు.

తుడిచేద్దామన్న మాట వచ్చేసరికి సేటు రెండు చేతులూ ఎత్తాడు. "తుడిస్తే రూలు పోతది. రూలు పోతే మల్ల ఇండ్ల నడుమ మాటలు బందైతయి. తుడిసేది లేదు." తుడవకూడదు, పిల్లలు చదవకూడదు. ఈ రెండింటి మధ్య చాలాసేపు ఊగి, చాయ్‌లు తాగి, చివరికి మా వాడ పెద్దలు ఒక పరిష్కారం కనిపెట్టారు. ఇలాంటిది ఇంకే ఊరికీ తట్టి ఉండదని నా నమ్మకం. తిట్లు పిల్లల కండ్లకు అందనంత ఎత్తున రాయాలి.

వెంటనే అమలు చేశారు. అయిదో తరగతిలో అందరికంటే పొడుగు పిల్లవాణ్ణి పిలిచి, బోర్డుకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, అడ్డంగా సున్నంతో గీత గీశారు. గీత పైన పెద్దవాళ్ళ మాటలు. గీత కింద వార్తలు. పైన కూర్చున్న ప్రధానమంత్రిని నేను ఆ రోజు నుంచి కింద రాయాల్సి వచ్చింది.

"సేటూ, పోరడు ఏడాదికింత పెరుగుతడు గద," అన్నాను.

"పెరిగినంక ఆడు పెద్దోడే గదరా. అప్పుడు సదువుకోని."

ఎత్తు పెంచగానే గిరాకీ పెరిగింది. బడి విడిచాక ఒకడి భుజాల మీద ఒకడెక్కి చదవడం పిల్లలకు ఆటైపోయింది. పైన ఎక్కినవాడు చదువుతాడు, కింద ఉన్నవాడు "నా వంతు, నా వంతు" అని ఏడుస్తాడు. వాడలో చదువు మీద అంత ఆత్రం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మేనత్తకు మాత్రం కష్టం వచ్చిపడింది. ఆమెకు వచ్చిన మాటలన్నీ గీత పైకి పోయి, వాటి నిండా తిట్లు చేరాయి. కింద మిగిలినవన్నీ నా ఢిల్లీ మాటలు. మేడమ్ వచ్చే వారం దగ్గరపడుతోంది. పొద్దున్నే వచ్చి, తల పైకెత్తకుండా, గీత కింద మాత్రమే చూస్తూ, ఒక్కో మాటనూ నమిలేది. బోర్డు ముందు అలా తల దించుకుని చదివే మనిషిని చూస్తే ఎవరికైనా ఏదో తప్పు చేసిందనే అనిపిస్తుంది.

"మగ్గం కాడ నా జాగ ఇంకొకలకు ఇచ్చిన అల్లుడా," అంది ఒకనాడు. "ఇగ గిదే నాకు. గిది రాకపోతె, బిడ్డ సదువు ఆపాలె."

"వస్తది అత్తమ్మ," అన్నాను, ఆమె కంటే నాకే నమ్మకం లేని గొంతుతో.

మేడమ్ గురువారం వచ్చింది. రిక్షా దిగి, వరండాలో మేము వేసిన కుర్చీలో బోర్డుకు వీపు పెట్టి కూర్చుంది. బాలవాడికి పిల్లలు దండిగా ఉన్నారని చూపించడానికి సేటు వాడలో ఉన్న చిన్నపిల్లలందరికీ ముఖాలు కడిగించి కింద కూర్చోబెట్టాడు. చెల్లెళ్ళను తమ్ముళ్ళను చంకనేసుకుని ఒకటో తరగతి వాళ్ళు కూడా వచ్చారు. అభిమానులు రెండు జట్లూ గేటు దగ్గర నిలబడ్డారు. మేనత్త ఉతికిన చీర కట్టుకుని మేడమ్ ఎదురుగా నిలబడింది.

"చదవడం వచ్చునా?"

"వస్తది మేడమ్."

"ఏదీ, నా వెనక ఆ బోర్డు మీద మొదటి వరుస చదువమ్మా," అంది మేడమ్, వెనక్కి తిరగకుండా పెన్నుతో భుజం మీది నుంచి చూపిస్తూ.

మొదటి వరుస అంటే అన్నిటికంటే పైది. ఆ రోజు పైన ఉన్నది వారం మొత్తంలో రాసినవాటిలో అన్నింటికంటే నీచమైనది.

"మేడమ్, అది పాతది," అన్నాను. "కింద తాజా వార్తలున్నయి, ఇప్పుడే రాసిన, సుద్ద కూడా ఆరలేదు."

"నువ్వెవరు బాబూ?"

"బోర్డు రాసేవాణ్ణి."

"అయితే నువ్వు రాయి. చదివేది ఆమె."

నేను మెల్లగా తడిగుడ్డ వైపు చేయి చాపాను. సేటు నా మణికట్టు పట్టుకున్నాడు. "రాసినోడే," అని చెవిలో గొణిగాడు. ఊరు కాలిపోతున్నా నల్లా టైము చూసే మనిషి.

మేనత్త తల ఎత్తి ఆ వరుసను చూసింది. పెదవులు కదిలాయి. చదివిందని నాకు తెలుసు. గొంతు మాత్రం రాలేదు.

"కనబడట్లేదా?"

"కనబడుతాంది మేడమ్."

"మరి చదువు."

మేనత్త కింద కూర్చున్న పిల్లల వైపు చూసింది. చదివితే పిల్లల ముందు ఆ మాట అనాలి. చదవకపోతే చదువు రానట్టు. మేడమ్ ఫైలు ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసింది.

అప్పుడు ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు చెల్లెల్ని చంకన సర్దుకుని లేచాడు. అత్తమ్మకు సాయం చేద్దామనుకున్నాడు, పాపం. బడిలో పాఠం అప్పజెప్పే రాగంతో, వాడంతా వినబడేలా, ఆ వరుసను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాడు. ఎక్కడా తడబడలేదు. చదివి, మేడమ్ వైపు చూశాడు, శెభాష్ అంటుందని.

"నాకు మంచిగ వస్తది మేడమ్," అన్నాడు. "నిన్న భుజాల మీద ఎక్కి సదివిన. మిగిలినయి కూడ సదువుత."

సేటు చేయి నా మణికట్టు మీది నుంచి జారిపోయింది. చాయ్ తెస్తున్న పిల్ల మెట్టు మీదే కూర్చుండిపోయింది. నేను ఏదో ఒకటి అనాలి, అనడం నా పని, ఎంతటి దాన్నయినా తేలిక చేయడం నాకు అలవాటు. లోపలంతా వెతికాను. ఒక్క మాట దొరకలేదు. నా ఎదురుగా ఆరేళ్ళ వాడు ఒక తల్లిని అంత మాట అని, పలక చూపించినంత ముద్దుగా నవ్వుతున్నాడు. దాన్ని వాడికి మేమే నేర్పాం. పైగా, అందకుండా పెట్టి నేర్పాం.

మేడమ్ వెనక్కి తిరిగింది. సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుంది. చదివింది. అద్దాలు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివింది. తప్పు అద్దాలది కాదని తేలింది.

మేనత్త ఆ పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "నీ తప్పు లేదు బిడ్డా, కూసో," అంది. తర్వాత మేడమ్‌తో అంది, "నాకు వస్తది మేడమ్. లోపల సదువుకున్న. బైటికి తేలేకపోయిన."

"ఎందుకు?"

"అది నన్ను తిట్టింది మేడమ్."

మేడమ్ మళ్ళీ బోర్డు చూసింది. "నీ పేరు లేదే ఇందులో?"

"పేరు లేదు. అమ్మ అని ఉన్నది. నాకో బిడ్డ ఉన్నది మేడమ్, నేను గూడ అమ్మనే." గొంతు పెంచలేదు. గేటు దగ్గరున్న కుర్రాళ్ళ వైపు తిరిగింది. "ఆ యాక్టర్లు ఎవలో నాకు ఎర్కలేదు. మీరు మీరు కొట్లాడుకుంటాన్రు, కొట్లాడుకోన్రి. నడుమల మమ్ముల ఎందుకు పిలిచిండ్రు?"

గేటు దగ్గర ఎవరూ ఎవరినీ చూడలేదు. ఏళ్ళ తరబడి ఆ మాటలు నేనూ విన్నాను. ప్రతి తిట్టులో ఒక ఆడమనిషి ఉందని, ఆమెకు ఆ కొట్లాటలో ఏ పనీ లేదని, మేనత్త అడిగేదాకా నాకు తట్టలేదు. ఆ గేటు దగ్గరి కుర్రాళ్ళ తల్లులంతా ఒక్క నల్లా కింద నీళ్ళు పట్టుకునేవాళ్ళు, ఒకరింటి పచ్చడి ఇంకొకరింట్లో తినేవాళ్ళు.

మేడమ్ ఫైలు మూసింది. "పిల్లలు దీని ముందు నుంచే లోపలికి రావాలి. ఇక్కడ కేంద్రం పెట్టమని నేను రాయలేను. వేరే వాడ చూస్తాను."

మేనత్త ముఖం చూడలేకపోయాను. చదువు వచ్చింది, నౌకరి పోతోంది.

"ఆదివారం కడుగుతం మేడమ్," అన్నాడు సేటు.

"ఇవాళ గురువారం."

సేటు గేటు వైపు తిరిగాడు. ఆయన బతిమాలడం అదే మొదటిసారి చూశాను. "రాసినోడు ఎవడో వచ్చి తుడువున్రి నాయినా. నేనేం అడగ. ఎవడని అడగ." ఒక్కరూ కదలలేదు. తుడవడానికి కదిలితే రాసింది వాడేనని తేలిపోతుంది. నల్లా దగ్గర వాళ్ళ అమ్మలు బిందెలు కింద పెట్టి ఇటే చూస్తున్నారు.

"సేటూ," అంది మేనత్త. "రాసినోడే తుడవాలె అన్నరు. ఎవల మీద రాసిండ్రో వాళ్ళు తుడువద్దని మీ రూలుల ఉన్నదా?"

సేటు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పెదవులు కదుపుతూ. "అది... అట్లనైతె లేదు," అన్నాడు చివరికి, బరువు దిగినవాడిలా.

మేనత్త డాల్డా డబ్బా పక్కనున్న తడిగుడ్డ తీసుకుంది. కుడి చేయి లేవదు కదా, ఎడమ చేత్తో అందుకోబోయింది. అందలేదు. మా పెద్దలు పిల్లలకు అందకుండా పెట్టింది ఆమెకూ అందలేదు. గేటు దగ్గరి నుంచి ఒక కుర్రాడు వచ్చి, రీడింగ్ రూంలోంచి స్టూలు తెచ్చి వేసి, అది ఊగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. వాడే రాశాడో, స్టూలు ఊగుతుందని తెలిసి వచ్చాడో నేను అడగలేదు. ఇంకెవరూ అడగలేదు.

ఆమె మొదటి వరుస తుడిచింది. రెండో వరుస మీద చేయి పెట్టేసరికి నల్లా దగ్గర నుంచి దర్జీ చిన్నాయన భార్య గట్టిగా పిలిచింది.

"వదినా, అంత నువ్వే తుడువకు. నా వంతు ఉంచు."

"నాది గూడ."

బిందెలు అక్కడే వదిలేసి వచ్చారు. వరుసలో నిలబడ్డారు. మా వాడ ఆడవాళ్ళకు వరుస కొత్త కాదు, దాని కోసం కొట్లాడుకోకుండా నిలబడటం కొత్త. ఒకామె ఎక్కి ఒక వరుస తుడిచి దిగితే ఇంకొకామె ఎక్కింది. ఎవరికీ చదవడం రాదు. ఏ వరుస తుడవాలో మేనత్త పక్కన నిలబడి వేలు పెట్టి చూపించింది. "గిది?" "ఊ, గిది మనదే." "గిది?" "గిది వద్దు, గిది వాని ముక్కు గురించి. ఉండనీ." స్టూలు పట్టుకున్న కుర్రాడు తల పైకెత్తలేదు. తుడిచిన సుద్దనీళ్ళు వాడి మెడ మీద కారుతున్నా తుడుచుకోలేదు.

మేడమ్ ఇదంతా కుర్చీని బోర్డు వైపు తిప్పుకుని చూసింది. పైభాగం శుభ్రమయ్యాక, "సరే, ఇప్పుడు కింది వార్త చదువు," అంది.

నా ఖర్మ కొద్దీ ఆ రోజు కూడా ద్రవ్యోల్బణమే. మేనత్త మొదటి రెండు వరుసలు మెల్లగా, సరిగ్గా చదివింది. ఆ మాట దగ్గర ఆగింది. విడగొట్టింది, కలిపింది, ఎట్టకేలకు దాటింది.

"దీనికి అర్థం ఏంది మేడమ్?"

మేడమ్ కూడా అద్దాలు సర్దుకుంది. "అంటే... ధరలు పెరిగి అన్నీ పిరమవుతాయని."

"గదా," అంది మేనత్త. "అది నాకు ఎప్పటిసందో ఎర్కనే. గింత పొడుగు పేరున్నదని ఎర్కలేదు."

మేడమ్ నవ్వు ఆపుకుని ఫైలు తెరిచింది. వచ్చే సోమవారం నుంచి రమ్మంది.

వాడలో తిట్లు ఆగాయా అని అడుగుతారు. నోటితో ఆగలేదు. ఆగితే మా వాడ మూగపోయేది. బోర్డు మీద మాత్రం ఎవరి అమ్మనూ పిలవొద్దని సంఘం తీర్మానించింది. ఈసారి మీటింగులో ఆడవాళ్ళు కూడా వరండాలో కూర్చున్నారు కాబట్టి తీర్మానం తొందరగా అయింది. తర్వాత అభిమానులకు పెద్ద చిక్కు వచ్చిపడింది. అమ్మలను, అక్కచెల్లెళ్ళను తీసేస్తే తిట్టుకోవడానికి వాళ్ళ దగ్గర మాటలే లేవు. రెండు రోజులు గాడిద, దున్నపోతు అని రాసుకున్నారు. మూడో రోజు ఒకడు "కోతి" అని రాస్తే, అవతలివాడు "ఔను, చెట్టెక్కుత, నీకేంది" అని జవాబిచ్చాడు. అంతటితో యుద్ధం చప్పబడింది. నాకు కొంచెం బాధేసింది, నిజం చెప్పొద్దూ. చదివేవాళ్ళు సగం తగ్గారు.

బాలవాడి మొదలైన వారం, కాలేజీ నుంచి వస్తూ వెనక గదిలోకి తొంగి చూశాను. మేనత్త ఒక పిల్ల తల ఎడమ చేత్తో దువ్వుతోంది.

"అత్తమ్మ, మరి పిల్లలు సదివేకాడ తిట్లు ఉండొచ్చా, వద్దా? నువ్వే చెప్పు, సంఘం ఇంక తెగ్గొట్టలేదు."

దువ్వెన ఆపింది. దాని గురించి ఆమె బాగానే ఆలోచించిందని ముఖం చూస్తే తెలిసింది. "ఉండొచ్చా అంటె..." అని మొదలుపెట్టింది. మూలన చాప మీద పడుకున్నవాడు నిద్రలోనే చాప తడిపాడు. పక్కవాడు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకున్నాడు. వాడిని చూసి ఇంకో ముగ్గురు.

"జర ఆగు," అని లేచి పోయింది. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ మాట పూర్తి చేయడానికి ఆమెకు మళ్ళీ తీరలేదు.